మెడలు లేస్తే ఆగండి

సంపాదకులకు,

అయ్యా! చలికాలం వచ్చిందంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఫ్లెమింగోల కోసం కార్లు బారులు తీరుతాయి. వాటితోపాటు గైడ్లూ వస్తారు. వీళ్లలో కొందరు పులికాట్ సరస్సు నీళ్లలో మేస్తున్న గుంపు దగ్గరికి జనాన్ని తీసుకెళ్లి, చప్పట్లు కొట్టించి, పక్షుల్ని లేపుతున్నారు. రెక్కల్లోని ఎరుపు ఫొటోలో బాగా పడుతుంది, గైడు చేతిలోనూ నాలుగు రూపాయలు ఎక్కువ పడతాయి. ఇది మానిపించాలి.

ఫ్లెమింగో నిలుచున్న చోటి నుంచి తటాలున ఎగరలేదు. నీళ్ల మీద కొన్ని అడుగులు పరుగు తీశాకే రెక్కలు దాన్ని మోస్తాయి. దాని తిండి కూడా తీరుబడి పనే. ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీటిని లాగుతూ తోస్తూ, సన్న జీవాలనూ నాచునూ వడగట్టుకోవాలి. గంటల తరబడి చేయాల్సిన ఆ పనిని పొద్దున్నే నాలుగు బృందాలు నాలుగుసార్లు చెడగొడితే కడుపెప్పుడు నిండుతుంది?

ఎక్కడ ఆగాలో పక్షే చెబుతుంది. గుంపు మేతలో ఉన్నప్పుడు తలలు కనబడవు, వంగిన మెడలే కనబడతాయి. మనిషి దగ్గరవుతుంటే ముందు ఒకటి రెండు తలలు పైకి వస్తాయి. ఆ వెనకే మెడలన్నీ కర్రలు పాతినట్టు నిలబడతాయి. తర్వాత గుంపంతా ఒకే దిక్కుకు నడక మొదలెడుతుంది. నడక దాకా వచ్చిందంటే గైడు అప్పటికే ఆలస్యం చేసినట్టు. పదింట రెండు మెడలు లేవగానే ఆగి, ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. తలలు మళ్లీ నీళ్లలోకి దిగితే ఆ దూరం సరైనదే. దిగకపోతే ఇరవై అడుగులు వెనక్కి రావాలి. ఇన్ని మీటర్లని బోర్డు పెడితే సరిపోదు, కుక్కలు తరిమిన గుంపు ఇంకా దూరం నుంచే బెదురుతుంది.

పోయే బస్సును ఈ పక్షులు పట్టించుకోవు. ఆగిన కారు తలుపు టప్పుమంటే మాత్రం లేస్తాయి. బండిని పూర్తిగా రోడ్డు మార్జిన్లోకి దించి, ఇంజిన్ ఆపి, పక్షులు లేని వైపు నుంచి దిగి, కారు చాటునే నిలబడి చూడాలి. ఆ రోడ్డు పడమటి నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న గుంపు మీద వెలుగు చక్కగా పడుతుంది, దక్షిణాన ఉన్నవి నల్లటి ఆకారాల్లా కనిపిస్తాయి. ఎండ ముదిరాక బురద మీద గాలి మరుగుతున్నట్టు ఆడుతుంది. అప్పుడు టెలిస్కోపును అరవై రెట్లకు తిప్పడం దండగ, ఇరవై ముప్పై దగ్గరే ఉంచాలి.

బైనాక్యులర్ చేతికిచ్చి 'చూడండి' అంటే చాలదు. రెండు గుండ్రాలు కనబడుతున్నాయంటే మధ్య కీలును వంచి ఒకటి చేయాలి. కుడి కన్ను మూసి నడిమి చక్రంతో ఎడమ కంటికి స్పష్టత తెచ్చుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరి రింగును మాత్రమే తిప్పాలి. కళ్లద్దాల వాళ్లకు అంచున నల్లటి నీడ వస్తుంటే రబ్బరు కప్పులు కిందికి దించాలి.

ఇక సైబీరియా సంగతి. దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో ఉండే గూడబాతులు (పెలికాన్లు) సైబీరియా నుంచి వస్తాయని గైడ్లు చెబుతారు, పత్రికలూ రాస్తాయి. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మన దక్షిణాసియా పక్షులే. నేలపట్టు చెరువులోని నీరుకడప చెట్ల మీదే గూళ్లు కడతాయి. మన ఫ్లెమింగోలు పిల్లలు చేసే పెద్ద చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. గుంపులో బూడిదరంగులో ఉన్నవి పిల్లలు, గైడు వాటిని తప్పక చూపించాలి. ఉత్తరాది చలి దేశాల నుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతులు, ఒడ్డున బురద పొడుచుకు తినే చిన్న పిట్టలు. వాటి వైపు కెమెరా తిప్పేవాళ్లే తక్కువ!

వేసవిలో ఎండిన పర్ర (సరస్సు బురద నేల) మీదికి జీపులు దింపకూడదు. ఏడాదంతా ఇక్కడే ఉండే కొన్ని ఒడ్డు పిట్టలు గూడంటూ కట్టకుండా చిన్న గుంటలోనే గుడ్లు పెడతాయి. గులకరాళ్ల రంగులో ఉండే ఆ గుడ్లు టైరు కింద పడ్డాకే తెలుస్తాయి.

చివరగా అటవీశాఖకు ఒక మనవి. మనిషి మోకాలి లోతు నీళ్లుంటే ఫ్లెమింగోలు హాయిగా మేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసిన ఏడాది సరస్సు నిండి అవి దూరంగా సర్దుకుంటాయి, నీరు తగ్గేకొద్దీ దగ్గరికి వస్తాయి. ఏ మూల ఎంత లోతో అక్కడి జాలర్లకు తెలుసు. వాళ్లకే గైడ్లుగా శిక్షణనిచ్చి, రోడ్డు పక్క రెండు మూడు చోట్ల కొలత కర్రలు పాతించండి. సూళ్లూరుపేటలో జరిపే ఫ్లెమింగో ఫెస్టివల్ తేదీలు కూడా ఆ కర్ర చూశాకే ఖరారయ్యేలా చూడండి.

– ఒక పక్షి పరిశీలకుడు, సూళ్లూరుపేట