మాట అన్న తెర మీదే, ఆ టైంకే తప్పు ఒప్పుకోవాలి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను పదకొండేళ్ళు తెలుగు న్యూస్ చానళ్ళలో డెస్క్ మీద పనిచేశాను. స్క్రోలింగులు, బ్రేకింగ్ ప్లేట్లు (తెర మీద పెద్ద అక్షరాలతో పడే పట్టీలు), బులెటిన్లు రాసేదాన్ని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. టీవీలో ఎవరైనా నోరు జారితే మన దేశంలో ఏమీ జరగకుండానైనా పోతుంది, లేదా పోలీసులైనా వస్తారు. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉండాలి, దాన్ని వేయాల్సింది మీ శాఖే అని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను.

రాత్రి తొమ్మిది గంటల డిబేట్. ఒక అమ్మాయి మీద జరిగిన దాడి గురించి చర్చ. నలుగురు గెస్టులు. వాళ్ళలో తరచూ వచ్చే ఒకాయన, "ఆ టైంలో బయట తిరిగే ఆడపిల్ల ఎలాంటిదో వేరే చెప్పాలా" అన్నాడు. యాంకర్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ క్షణంలో ఆపొచ్చు. "ఆ మాట వెనక్కి తీసుకోండి" అని అడగొచ్చు. అంతలో పీసీఆర్ (కార్యక్రమాన్ని నడిపించే కంట్రోల్ రూమ్) నుంచి ఆయన చెవిలోకి "ఆపకండి, బాగా వెళ్తోంది, కానివ్వండి" అని వెళ్ళింది. యాంకర్ నవ్వేసి, పక్క గెస్టు వైపు తిరిగి "మీరేమంటారు?" అన్నాడు. నేను ఆ మాటను కొటేషన్ మార్కుల్లో పెట్టి ఎర్ర ప్లేటు మీద టైప్ చేశాను. పావుగంటలో ఆ ముక్క కట్ అయి యూట్యూబ్‌లోకి ఎక్కింది.

మర్నాడు మధ్యాహ్నం డెస్క్‌లో ల్యాండ్‌లైన్ మోగింది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "అమ్మా, గొడవ పెట్టుకోవడానికి ఫోన్ చెయ్యలేదు. నిన్న తొమ్మిదింటికి ఆ మాట మావాళ్ళందరూ విన్నారు. ఇవాళ తొమ్మిదింటికి అది తప్పని మీరే ఒక్కసారి చెప్పండి, చాలు. వాళ్ళే వింటారు" అన్నాడు. పైవాళ్ళకు చెప్పాను. "చూద్దాం" అన్నారు. మూడో రోజు తెల్లవారుజామున ఐదున్నర బులెటిన్‌లో "అతిథుల అభిప్రాయాలతో చానల్‌కు సంబంధం లేదు" అనే వాక్యం స్క్రోల్‌లో నాలుగుసార్లు తిరిగింది. అది రాసింది కూడా నేనే. ఆ గెస్టు మళ్ళీ సోమవారం డిబేట్‌కు వచ్చాడు.

ఆ నాన్న ఎవరినీ జైల్లో పెట్టమనలేదు. చానల్ మూసేయమనలేదు. డబ్బు అడగలేదు. ఏ తెర మీద తన కూతురి పరువు తీశారో ఆ తెర మీదే, ఆ టైంకే సరిదిద్దమన్నాడు. అంత చిన్న కోరిక తీర్చడానికి ఈ దేశంలో పనికొచ్చే ఏర్పాటు ఒక్కటీ లేదని నాకు ఆ రోజు తెలిసింది.

కాగితం మీద ఏర్పాటు ఉంది, కాదనను. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం ఉంది. దాని కింద, ఏం ప్రసారం చేయకూడదో చెప్పే ప్రోగ్రామ్ కోడ్ ఉంది. 2021 జూన్‌లో మీ శాఖే నిబంధనలు సవరించి మూడు అంచెలు పెట్టింది. మొదట చానల్ ఫిర్యాదుల అధికారి, ఆ పైన చానళ్ళు తమకు తామే ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ సంస్థ, అన్నిటికీ పైన ప్రభుత్వ కమిటీ. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరక్కపోతే స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళొచ్చు, దానికి మరో 60 రోజులు. అన్నీ గడువు ప్రకారమే జరిగినా రెండు నెలలు దాటుతుంది. టీవీలో అన్న మాట రెండు గంటల్లో ఊరంతా తిరిగేస్తుంది. ఇక నేను పనిచేసిన ఏ చానల్‌లోనూ ఆ అధికారి పేరు, నంబరు తెర మీద వేయగా చూడలేదు. డెస్క్‌లో ఉన్న నాకే తెలియకపోతే ఆ నాన్నకు ఎలా తెలుస్తుంది?

స్వీయ నియంత్రణ సంస్థ వేయగలిగిన జరిమానా లక్ష రూపాయలకు మించదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆ లక్షతో ఎవరికి భయం పుడుతుందని న్యాయమూర్తులే అడిగారు. చానల్ సంపాదించిన దాన్ని బట్టి జరిమానా ఉండాలన్నారు. డెస్క్ మీద కూర్చున్నవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ప్రైమ్ టైంలో యాడ్ బ్రేక్‌ల లెక్క మాకు తెలుసు. గురువారం రేటింగ్స్ వచ్చే ముందు ఆఫీసులో ఎంత టెన్షన్ ఉంటుందో తెలుసు. ఆ రాత్రి "కానివ్వండి" అన్న ప్రొడ్యూసర్ దుర్మార్గుడు కాదు. ఆపితే అడిగేవాళ్ళు పైన ఉన్నారు, ఆపకపోతే అడిగేవాళ్ళు ఎక్కడా లేరు, అందుకే ఆపలేదు.

ఇక రెండో వైపు, అంటే పోలీసులు. 2025 జూన్‌లో ఒక తెలుగు చానల్ లైవ్ డిబేట్‌లో ఒక విశ్లేషకుడు అమరావతి ప్రాంతం గురించి, అక్కడి ఆడవాళ్ళు తలెత్తుకోలేని మాట అన్నాడు. ఆ మాటను ఇక్కడ మళ్ళీ రాయను. రాజధాని కోసం ఏళ్ళ తరబడి శిబిరాల్లో కూర్చున్న ఆడవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు ఎంత రగిలిపోయి ఉంటుందో నాకు అర్థమవుతుంది. అయితే జరిగిందేమిటి? కార్యక్రమం నడిపిన సీనియర్ జర్నలిస్టును ఆంధ్రప్రదేశ్ పోలీసులు హైదరాబాద్ వచ్చి అరెస్టు చేశారు. జూన్ 13న సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చేయమంది. ఆ మాట ఆయన అనలేదనీ, గెస్టు మాటకు నవ్వినంత మాత్రాన నేరంలో భాగస్వామి అయిపోడనీ చెప్పింది. తన షోలో అలాంటి మాటలు అననివ్వకూడదని కూడా చెప్పింది.

ఆ రెండో మాటను ఎవరూ పట్టించుకోలేదు. యాంకర్‌కు బాధ్యత ఉందా అంటే, ఉంది. ఆ బాధ్యత జైలుకు వెళ్ళేంతదా అంటే, కాదు. మరి దాన్ని ఎవరు అడగాలి? అడిగే చోటు లేదు కాబట్టే ఒకవైపు అరెస్టు, మరోవైపు "పత్రికా స్వేచ్ఛ మీద దాడి" అనే నినాదం, మధ్యలో ఆ ఆడవాళ్ళు. వారం తిరిగేసరికి చర్చంతా ఏ పార్టీ, ఏ చానల్, ఎవరి కక్ష అన్నదాని మీదికి మళ్ళింది.

చానల్‌నే ఆపేయడం కూడా చూశాం. 2014 జూన్‌లో తెలంగాణలో రెండు తెలుగు న్యూస్ చానళ్ళు కేబుల్‌లో రాకుండా పోయాయి. ఒక చానల్ వ్యంగ్య కార్యక్రమం కొత్త శాసనసభ్యులను కించపరిచిందన్న ఆగ్రహం దాని వెనక ఉంది. ఆపింది ప్రభుత్వం కాదు, కేబుల్ ఆపరేటర్లు అన్నారు. ఒక కార్యక్రమంలో తప్పుంటే ఆ కార్యక్రమాన్ని అడగాలి. వార్తలు చూసే లక్షల మందికి తెర నల్లబడటం ఏం న్యాయం? 2020 మార్చిలో ఢిల్లీ అల్లర్ల వార్తల మీద రెండు మలయాళ చానళ్ళను 48 గంటలు ఆపమని మీ శాఖ ఆదేశించి, మర్నాడే వెనక్కి తీసుకుంది. అందులో ఒకటైన మీడియావన్‌కు తర్వాత లైసెన్సు రెన్యువల్ నిరాకరిస్తే, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ప్రభుత్వ విధానాలను విమర్శించడం అనుమతి నిరాకరించడానికి కారణం కాదంది. అందుకే ఈ పని మీ శాఖ చేతుల్లోనే పెట్టమని నేను అడగడం లేదు.

అసలు దీనికి జవాబు ముప్ఫై ఏళ్ళ కిందటే వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న, క్రికెట్ మ్యాచుల ప్రసార హక్కుల కేసులో సుప్రీంకోర్టు, ప్రసారాలకు వాడే ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. వాటిని నియంత్రించే సంస్థ స్వతంత్రంగా, స్వయం ప్రతిపత్తితో, సమాజంలోని అన్ని వర్గాల ప్రాతినిధ్యంతో ఉండాలని, దాన్ని ఏర్పాటు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో ప్రత్యేకంగా తీర్పు రాసిన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి తెలుగువారు. ఆ సంస్థ ఇప్పటికీ రాలేదు. 2023 నవంబర్‌లో మీ శాఖ బయటపెట్టిన ప్రసార సేవల బిల్లులో సలహా మండలి ఉంది, కానీ దాన్ని నియమించేది మళ్ళీ ప్రభుత్వమే. 2024లో దాన్ని మార్చి, కొందరికే చూపించారన్న విమర్శలు వచ్చాక ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు.

వేరే దేశంలో ఇది ఎలా నడుస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. అక్కడ అన్నీ బాగున్నాయని కాదు, ఇది నేను చూసిన డిబేట్ లాంటిదే కాబట్టి. 2023 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో జీబీ న్యూస్ అనే చానల్ లైవ్ షోలో ఒక గెస్టు ఒక మహిళా జర్నలిస్టు గురించి నీచంగా మాట్లాడాడు. యాంకర్ నవ్వాడు. వేల ఫిర్యాదులు వచ్చాయి. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ విచారించి, 2024 మార్చిలో చానల్ నిబంధనలు ఉల్లంఘించిందని తేల్చింది. గెస్టు మాటతో ఆగలేదు. యాంకర్ గట్టిగా అడ్డుకోకపోవడం, నవ్వడం ఆ మాట చేసిన గాయాన్ని పెంచాయని కారణాలతో సహా రాసి అందరి ముందూ పెట్టింది. ఆ మాటకు ఎవరినీ జైలుకు పంపలేదు, చానల్ మూతపడలేదు. ఆ నవ్వు తప్పని అధికారికంగా ఒక కాగితం మీద ఉంది, అంతే. మన దగ్గర అదే నవ్వుకు ఒకచోట అరెస్టు, నేను పనిచేసిన చోట ఇంకా గట్టిగా నవ్వమని ప్రోత్సాహం.

ఏది శిక్షించాలి, ఏది భరించాలి అన్నది కూడా తేల్చి రాయాలి. ఇప్పటి ప్రోగ్రామ్ కోడ్ సదభిరుచికి భంగం కలగకూడదంటుంది, వ్యక్తులను విమర్శించకూడదని కూడా అంటుంది. ఇలాంటి మాటలతో ఎవరినైనా పట్టుకోవచ్చు, ఎవరినైనా వదిలేయొచ్చు. మిమ్మల్ని, ముఖ్యమంత్రులను, సినిమా హీరోలను, మతాల పేరు చెప్పుకుని అధికారం చేసేవాళ్ళను ఘాటుగా విమర్శిస్తే, ఎగతాళి చేస్తే అది భరించాల్సిందే. "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అన్న ప్రతి ఒక్కరికీ తలుపు తీస్తే రేపు నోరు తెరిచేవాళ్ళు ఉండరు. చర్చ, వాదన వేరు, రెచ్చగొట్టడం వేరు అని 2015లో, ఆన్‌లైన్ పోస్టులకు అరెస్టు చేయనిచ్చే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టేస్తూ సుప్రీంకోర్టు గీసిన గీత ఉంది, దాన్ని దాటొద్దు. కానీ తిరిగి జవాబు చెప్పడానికి మైకు లేని మనిషిని, ఒక కులాన్ని, ఒక మతాన్ని, ఒక ప్రాంతం ఆడవాళ్ళను లక్షల మంది ముందు తెరమీద తక్కువ చేస్తే, అక్కడ అరెస్టు అక్కర్లేకపోయినా జవాబు చెప్పించాలి. పుట్టుకను, శీలాన్ని, శరీరాన్ని ఎత్తి చూపడం ఏ చర్చకూ అవసరం లేదు.

క్షమాపణ ఎలా ఉండాలో కూడా నిబంధనలో ఉండాలి, ఎందుకంటే దాన్ని ఎలా నీరుగార్చాలో నాకు తెలుసు. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాం" అని మేం ఎన్నోసార్లు రాశాం. ఆ "ఉంటే"లో అంతా ఉంది. ఏ మాట తప్పో చెప్పదు, ఎవరికి తప్పో చెప్పదు. అన్న కార్యక్రమంలోనే, అదే టైంలో, యాంకర్ నోటితోనే, ఎవరిని ఏమన్నామో చెప్పి తప్పు ఒప్పుకోవాలి. స్క్రోల్ లెక్కలోకి రాకూడదు. యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో చానల్ తానే పెట్టుకున్న ఆ ముక్కను 24 గంటల్లో తీసేయాలి, దాని మీద వచ్చిన డబ్బు కూడా జరిమానాలో కలవాలి. ఫిర్యాదు చేసే నంబరు రోజూ డిబేట్ మొదలయ్యే ముందు ఏ భాష చానల్‌లో ఆ భాషలో తెర మీద కనిపించాలి. లైవ్‌ను కొన్ని సెకన్లు ఆలస్యంగా వదిలే ఏర్పాటు చానళ్ళకు కష్టమేమీ కాదు, డిబేట్లకు దాన్ని తప్పనిసరి చేయొచ్చు. అప్పుడు యాంకర్ చెవిలోకి "కానివ్వండి" అనే ముందు ప్రొడ్యూసర్ ఒకసారి ఆలోచిస్తాడు.

ఇవన్నీ అమలు చేసే సంస్థలో మీ శాఖ అధికారులు గానీ, చానల్ యజమానులు గానీ మెజారిటీగా ఉండకూడదు. రిటైర్డ్ న్యాయమూర్తులు, జర్నలిస్టులు, టీచర్లు, మహిళా సంఘాలవాళ్ళు, దళిత, మైనారిటీ వర్గాలవాళ్ళు ఉండాలి. నియామకంలో ప్రతిపక్షానికి చోటు ఉండాలి. ప్రతి నిర్ణయం కారణాలతో సహా ప్రచురించాలి. కొత్త ముసాయిదా తయారు చేసినప్పుడు ఇంగ్లీషు, హిందీలతో సరిపెట్టకుండా తెలుగులోనూ ఇవ్వండి, చదివి అభిప్రాయం చెప్పడానికి కనీసం రెండు నెలలు టైం ఇవ్వండి. మేం చదువుతాం. నాలాగా డెస్కుల మీద పనిచేసి బయటికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, పీసీఆర్‌లో ఏం జరుగుతుందో వాళ్ళు మీకు చెప్తారు. పిలిస్తే నేనూ వస్తాను.

ఆ నాన్న నంబరు ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది. తిరిగి ఫోన్ చేస్తానని చెప్పాను, చెయ్యలేదు, ఎందుకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

భవదీయురాలు,
ఒక మాజీ సబ్ ఎడిటర్