సైలెన్సర్ మోత తగ్గించుకునే పద్ధతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

బైకుల మోత గురించి పేపర్లో ఎప్పుడు వచ్చినా పట్టుకోవాలి, ఫైన్ వేయాలి అనే ఉంటుంది, అది కరెక్టే, కానీ ఆల్రెడీ కంపెనీ సైలెన్సర్ తీసేసి బయట కొన్న పైపు బిగించుకున్నవాళ్లు దాని గోల ఎలా తగ్గించుకోవాలో ఎవరూ రాయట్లేదు. చాలా పైపులకి అది పెద్ద పనేం కాదండీ.

ఈ పైపుల్లో చాలావాటికి చివర్న బోల్టుతో బిగించే బాఫిల్ (మోత తగ్గించే చిన్న గొట్టం) వస్తుంది, డీబీ కిల్లర్ అంటారు. చాలామంది పైపు పెట్టించిన రోజే దాన్ని పీకి పక్కన పడేస్తారు. ముందు అది వెతికి మళ్లీ పెట్టండి. పోతే ఆ మోడల్‌దే కొనుక్కోండి, అంతేగానీ గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కొద్దు, అది ఊడి వెనకాల వచ్చేవాళ్ల మీదకి ఎగిరిపోవచ్చు.

బాఫిల్ ఉన్నా మోగుతుంటే లోపల గ్లాస్‌వూల్ అనే గాజు పీచు అయిపోయిందేమో చూడాలి, అసలు విషయం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. మధ్యలో చిల్లుల గొట్టం నేరుగా పోతుంది, దాని చుట్టూ ఈ వూల్ ఉంటుంది, చిల్లుల్లోంచి వచ్చే శబ్దాన్ని అది పీల్చుకుని వేడిగా మార్చేస్తుంది. వాడగా వాడగా వూల్ కాలి పొడైపోయి పొగతోపాటే బయటికి పోతుంది, మోత కొంచెం కొంచెంగా పెరుగుతుంది కాబట్టి రోజూ నడిపేవాడికి తెలియదు, నిద్ర పాడయ్యే పక్కింటివాళ్లకి తెలుస్తుంది. పైపు పూర్తిగా చల్లారాక రివెట్లు తీసి, పాతది దులిపేసి కొత్తది చుట్టాలి, చేతికి గ్లవ్స్ మూతికి మాస్క్ తప్పనిసరి, ఆ పొడి చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు. ఎంత గట్టిగా కూరితే అంత సైలెంట్ అనుకుంటారు గానీ మరీ బిగిస్తే శబ్దం వూల్‌లోకి దూరదు, వదులుగా ఉంటే తొందరగా ఎగిరిపోతుంది.

యాక్సిలరేటర్ వదలగానే పటపటా పేలుతుంటే ఇంజన్ దగ్గర పైపు కలిసే చోట ఉండే గ్యాస్కెట్ (సీలు) లీక్ కూడా చూపించుకోండి. అక్కడ బయటి గాలి దూరితే కాలకుండా మిగిలిన పెట్రోల్ పైపులో అంటుకుంటుంది. కొందరు దాన్నే స్టైల్ అనుకుంటున్నారు, బాధేస్తుంది.

మోత ఉంటేనే కార్లవాళ్లు చూస్తారు, సేఫ్టీ అంటారు కదా. పైపు నోరు వెనక్కి ఉంటుంది, మోతలో ఎక్కువ భాగం దాటిపోయాకే వినిపిస్తుంది. అమెరికాలో 1981లో బైకు ప్రమాదాల మీద వచ్చిన హర్ట్ రిపోర్ట్ అనే స్టడీ చూస్తే బైకు యాక్సిడెంట్లలో ప్రమాదం నాలుగింట మూడొంతులకు పైగా ముందు వైపు నుంచే వచ్చింది. దానికి హెడ్‌లైటు, బ్రేకు పనికొస్తాయి.

ఇంకోటి, డెసిబెల్స్ లెక్క మామూలు లెక్క కాదు, 10 పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు పనిచేయొచ్చని చెప్పే అమెరికా నియోష్ (పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ) లెక్క ప్రకారమే 100కి వస్తే 15 నిమిషాలే. ముందు పోయేది నడిపేవాడి చెవులే కదండీ.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఆ పైపు రోడ్డు మీదకి పనికిరానిదే, బండితో వచ్చిన సైలెన్సర్ మళ్లీ బిగించుకోవాలి. మీ పేపర్లో బైకుల గురించి రాసేటప్పుడు ఈ వూల్ మార్చే పద్ధతి ఫోటోలతో సహా ఒకసారి వేయండి, ప్లీజ్.

ఇట్లు,
ఒక బైక్ రైడర్