గుల్మార్గ్ వెళ్లే మన బెజవాడ బ్యాచ్‌కి

అందరికీ నమస్కారం. స్కీయింగ్ అంటే భయపడుతున్నవాళ్లు ఇది తప్పక చదవండి.

బెంజ్ సర్కిల్‌లో వెనక హారన్ మోగితే పక్కకు జరుగుతాం కదా, మంచు వాలు మీద అలా కాదు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమాల ప్రకారం ముందు వెళ్తున్నవాళ్లకే ప్రాధాన్యం, పైనుంచి వచ్చేవాళ్లే చూసుకుని తప్పుకోవాలి. కాబట్టి నెమ్మదిగా వెళ్తున్నామని టెన్షన్ పడకండి.

అయితే మధ్యలో ఆగి ఫొటోలు దిగొద్దు. ఆగాలంటే అంచుకి రండి. పడితే వీలైనంత త్వరగా పక్కకి జరగండి. మళ్లీ బయల్దేరేముందు తలతిప్పి పైకి చూడండి, ఇది మర్చిపోవద్దు.

వేగం తగ్గాలంటే స్కీల (మంచు మీద జారడానికి బూట్లకి బిగించే పొడవాటి పలకల) ముందు కొసలు దగ్గరగా ఉంచి మడమలు బయటికి నెట్టాలి. భయమేస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది, అప్పుడే స్కీలు అదుపు తప్పుతాయి. మోకాళ్లు వంచి, పిక్క ముందుభాగం బూటుకి ఆనేలా నిలబడండి. ఇది బాగా వచ్చేదాకా చిన్న వాలు వదలొద్దు.

గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కార్) రెండో దశ దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. ఎక్కి చూసి రండి, స్కీలతో దిగొద్దు. అక్కడ మంచుచరియల ప్రమాదం ఉంది.

హెల్మెట్ పెద్దలకీ తప్పనిసరి అనుకుందాం. తల కొలతలు ఇక్కడే పెట్టండి.