మూర ఎవరి చేతిది?

తల్లిదండ్రులకు నమస్కారములు.

మన రెండవ తరగతి పిల్లలిద్దరు గత శనివారం బజారులో పూలమ్మే ఆమెతో "నీ మూర మా టీచరు మూరకంటే మూడు వేళ్లు తక్కువ" అని వాదనకు దిగిన సంగతి పర్లాకిమిడిలో ఇప్పటికే అందరి నోటా ఉన్నది. సోమవారం నేనే వెళ్లి ఆమెను క్షమించమని అడిగి, రెండు మూరల కనకాంబరాలు కొని వచ్చాను. పెద్దవారితో అలా మాట్లాడటం తప్పే; లెక్క మాత్రం తప్పు కాదు.

"ఈ రోజుల్లో బడిలో జానలూ మూరలూ ఏమిటి" అని కొందరు అడిగారు. మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం వచ్చినా పూలు నేటికీ మూరలలోనే అమ్ముడవుతున్నాయి. స్కేలు చేతికివ్వక ముందు పిల్లలు తమ ఒంటితోనే పొడవు కొలవాలన్నది నా పట్టుదల. వీధిలో ఒడియా మాట్లాడే మన పిల్లలు మూరను హాత అని కూడా అంటారు. పేరేదైనా, ఒకే బల్ల ఒకరికి ఏడు జానలు, మరొకరికి ఎనిమిదిన్నర వచ్చి తరగతిలో పోట్లాట జరిగితే తప్ప మీటరు ఎందుకు కావలసి వచ్చిందో ఆ వయసుకు తలకెక్కదు. 1900లో నౌపడ నుంచి మన ఊరికి వచ్చిన చిన్న రైలు పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు, ఇప్పటి పెద్ద లైనుది 1,676. రెండింటినీ వరండాలో సుద్దతో గీయించాము (పట్టాల దగ్గరకు ఎవరినీ తీసుకువెళ్లలేదు). పెద్దదానిలో ఒక పిల్లవాడు అడ్డంగా పడుకున్నా ఇంకా నా మూరెడు చోటు మిగిలింది.

మొదటి రెండు సెంటీమీటర్లు విరిగిపోయిన స్కేలుతో ఒక పాప పెన్సిలు కొలిచింది. 3 దగ్గర మొదలై 11 దగ్గర ఆగినా పదకొండు అనలేదు, ఎనిమిది అన్నది. పక్కవాడు తొమ్మిది అంటే, "గీతలు కాదురా, మధ్యన ఖాళీలు లెక్కపెట్టు" అన్నది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆ మాటను అంత సులువుగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

బిడ్డను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, ఎత్తు కొలిచి రాయమని పంపిన కాగితాలలో పద్నాలుగు మందికి సరిగ్గా 120 సెంటీమీటర్లే వచ్చాయి. మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. అయితే ప్రార్థన వరుసలో అంత సమానమైన తలలు నాకు కనిపించలేదు. దయచేసి ఈసారి అక్కో అన్నో నిలబడితే బిడ్డచేతనే టేపు పట్టించండి, తప్పు రాసినా అలాగే పంపండి.

పరీక్ష ఫీజు, ఆధార్ నకళ్లు నెలాఖరులోగా అందాలి. శుక్రవారం నాడు విరిగిన స్కేళ్లు, తెగిన కుట్టు టేపులు ఇంట్లో ఏవి ఉంటే అవి పంపండి, కొత్తవి కొనవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు