ఇచ్చిన రక్తం ఏమవుతోందో కూడా అడగండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ పత్రికలో రక్తం కొరత మీద వచ్చిన వార్త చదివాను. యువత ముందుకు రావడం లేదని అందులో రాశారు. నాలుగు రోజులుగా అదే మనసులో మెదులుతోంది. ముప్పై ఏళ్లు బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన వాణ్ణి. దాతలు ఇంకా రావాలన్నది నిజమే. కానీ వచ్చినవాళ్లు ఇచ్చిన రక్తాన్ని ఏ వార్డు ఎలా వాడుతోందో ఎవరూ అడగరేం?

దాత ఇచ్చిన 450 మిల్లీలీటర్లను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తాం. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 42 రోజుల దాకా ఉంటాయి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన ప్లాస్మా ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్లను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టం. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, రాత్రీపగలూ ఊగుతూ ఉండే యంత్రం మీద ఉంచినా మామూలుగా ఐదు రోజులే. ఆ ఐదు రోజుల్లో కొంత సమయం పరీక్షలకే పోతుంది.

ఇంత జాగ్రత్తగా తయారుచేసినదాన్ని వార్డులు అడిగే తీరు చూడండి. ఆపరేషన్ అంటే చాలు, నాలుగు బ్యాగులు క్రాస్‌మ్యాచ్ చేసి, అంటే రోగి రక్తానికి సరిపడతాయో లేదో చూసి, పెట్టమని చీటీ వస్తుంది. ఒకటి ఎక్కిస్తే ఎక్కువ. మిగతావి ఆ రోగి పేరు మీదే ఉండిపోతాయి, ఇంకొకరికి ఇవ్వలేం. ఆపరేషన్ వాయిదా పడితే మాకు చెప్పే నాథుడు ఉండడు. ఫోన్ చేస్తే సిస్టర్‌ను అడగమంటారు, సిస్టర్ డాక్టర్‌ను అడగమంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ థియేటర్‌కు ఓ-నెగెటివ్ గ్రూపు రక్తం బ్యాగు పంపాం. సాయంత్రం ఆరింటికి వార్డు బాయ్ దాన్ని తిరిగి తెచ్చాడు. సీలు కూడా తీయలేదు. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. అరగంట దాటి బయట ఉన్న బ్యాగును మళ్లీ స్టాకులో పెట్టకూడదు. అదే సమయంలో తలసేమియా ఉన్న పాప తండ్రి అదే గ్రూపు చీటీతో మా కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చూస్తుండగానే ఆ బ్యాగును పారేయాల్సిన డబ్బాలో వేశాను. ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను.

ప్లేట్‌లెట్ల సంగతీ అంతే. డెంగీ రోగికి కౌంటు 40,000కు దిగిందంటే బంధువులకు టెన్షన్, వాళ్ల ఒత్తిడికి డాక్టర్లు రాసేస్తారు. రక్తస్రావం లేనప్పుడు 10,000కు దిగేదాకా మామూలుగా అవసరం ఉండదని డాక్టర్లకు తెలియదా? అవతల కీమోథెరపీతో మూలుగ దెబ్బతిన్న పిల్లలు అవే ప్లేట్‌లెట్ల కోసం ఎదురుచూస్తుంటారు. ప్లాస్మానేమో నీరసానికి, ప్రొటీన్ పెరగడానికి అని రాసేవాళ్లున్నారు. అది అందుకు కాదు. కాన్పులో రక్తం ఆగని తల్లికి గడ్డకట్టే కారకాలు ఇచ్చేది అదే. దానినుంచే క్రయో, అంటే కొన్ని గడ్డకట్టే కారకాలు చిక్కగా ఉండే భాగం, కూడా తీస్తాం.

మేం చేరిన కొత్తలో పెద్ద డాక్టర్లే బ్లడ్ బ్యాంకుకు వచ్చి మాట్లాడేవారు. ఇప్పుడు చీటీలో 'ఎందుకు' అన్న గడి ఖాళీగానే వస్తుంది. ఆసుపత్రిలో రక్తం వాడకాన్ని చూడాల్సిన ట్రాన్స్‌ఫ్యూజన్ కమిటీ అని ఒకటుంది, దాని సమావేశం సంతకాలతో సరి. రక్తదాన శిబిరంలో ఫొటోకు నిలబడే అధికారులు వృథా రిజిస్టరు చూడటానికి ఒక్కరోజూ రాలేదు. ఈ నిర్లక్ష్యం చూస్తే కడుపు మండిపోతుంది.

ప్రతి ఆసుపత్రీ నెలకోసారి విభాగాల వారీగా ఎన్ని బ్యాగులు అడిగారో, ఎన్ని ఎక్కించారో, ఎన్ని గడువు తీరి పోయాయో ప్రకటించాలి. ఈసారి కొరత గురించి రాసేటప్పుడు మీ విలేకరులు ఆ లెక్క కూడా అడగాలని మనవి. లెక్క లేదంటే నమ్మకండి. ఆ రిజిస్టరు ఇన్నేళ్లూ నేను రాసినదే.

ఇట్లు,
రిటైరైన బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్