మూడింటికి పది నిమిషాల ముందు వచ్చిన బీ ఫారం

రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారమండి.

నేను కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ పక్కన ఒక లంక ఊరి మనిషిని. 2020లో మా ఎంపీటీసీ స్థానం మహిళలకు రిజర్వు అయితే ఒక పార్టీ తరఫున నిలబడ్డాను, ఓడిపోయాను. ఓడినందుకు రాయడం లేదండి. ఎదుటావిడ నాకన్నా బాగా తిరిగింది, గెలిచింది. నేను రాసేది బీ ఫారం గురించి, అంటే ‘ఫలానా మనిషే మా అభ్యర్థి’ అని పార్టీ రాసిచ్చే కాగితం గురించి.

మీకు తెలియనిది కాదు, చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు, ఉంగరమో కత్తెరో ఇస్తారు. ఎంపీటీసీ, జడ్పీటీసీలకు మాత్రం పార్టీ గుర్తు ఉంటుంది. అది కావాలంటే పార్టీ ఇచ్చిన బీ ఫారం రిటర్నింగ్ అధికారి చేతిలో పడాలి. నామినేషన్‌తో పాటే ఇవ్వక్కర్లేదు, ఉపసంహరణ చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోగా ఇస్తే చాలు. ఆ ‘చాలు’ దగ్గరే మాకు ప్రాణం మీదికి వచ్చేది.

ఆ మార్చిలో నామినేషన్లు 9 నుంచి 11 వరకు, ఉపసంహరణ 14న, పోలింగ్ 21న. మా దగ్గర ఒకే పార్టీ పేరు చెప్పి నలుగురం ఆడవాళ్లం నామినేషన్ వేశాం. ‘నీకేనమ్మా, నువ్వు తిరుగు’ అని నలుగురికీ చెప్పిన పెద్దమనిషి ఒక్కరే. నమ్మి తిరిగాం. ఒకరు పొద్దున వెళ్లిన గడపకి ఇంకొకరు సాయంత్రం వెళ్లేవాళ్లం. మా అత్తగారి వరసావిడ ఒకామె నవ్వేసి, ‘ముందు మీలో మీరు తేల్చుకుని రండే’ అంది.

14న పొద్దున్నే రేవు దాటి ఎంపీడీవో ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాం. మా ఆయన ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు. ఒంటిగంట అయింది, రెండయింది. నలుగురిలో ఇద్దరు అప్పటికే విత్‌డ్రా కాగితం మీద సంతకం పెట్టేసి వెళ్లిపోయారు, ఎవరి కోసం తప్పుకున్నారో వాళ్లకే తెలియదు. మిగిలిన ఆవిడా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే సీసాలో నీళ్లు తాగుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గేటు వైపు చూస్తున్నాం. ఆ టెన్షన్ పరీక్షలప్పుడు కూడా పడలేదు. మూడింటికి పది నిమిషాలుందనగా ఒక కుర్రాడు బండి మీద వచ్చి, చొక్కా లోపల్నుంచి కవరు తీసి మా ఆయన చేతిలో పెట్టాడు.

నా చేతిలో కాదండి, మా ఆయన చేతిలో.

కాగితం చెమటకి తడిసి ఉంది. అభ్యర్థి పేరు దగ్గర ముందు మా ఆయన పేరు రాశారు. రాశాక సీటు మహిళలదని గుర్తొచ్చినట్టుంది, ఒక గీత కొట్టి పైన వేరే ఇంకుతో నా పేరు ఇరికించారు, పక్కన పొట్టి సంతకం. రిటర్నింగ్ అధికారి దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, నన్ను చూసి, తీసుకున్నారు. పక్కనున్న ఆవిడకు స్వతంత్రుల గుర్తుల్లో ఒకటి ఇచ్చారు. ఇద్దరిదీ ఒకే వీధి. ఇప్పటికీ మాటల్లేవు.

మర్నాడు, 15న, కరోనా వల్ల ఎన్నిక వాయిదా అన్నారు. అది ఎవరి తప్పూ కాదు. కానీ ఆగినచోటి నుంచే మళ్లీ మొదలై పోలింగ్ 2021 ఏప్రిల్ 8న జరిగింది, కోర్టు కేసుల వల్ల లెక్కింపు సెప్టెంబర్ 19న. పద్దెనిమిది నెలలు అభ్యర్థిగానే ఉన్నాను. పాత మండల పరిషత్ గడువు 2019లోనే అయిపోయింది కాబట్టి ఊరికి ఎంపీటీసీ కూడా లేరు. 2020 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు మా అరటి తోటల్లోకి నీళ్లొచ్చాయి. పడవ కోసం, టార్పాలిన్ల కోసం జనం నా దగ్గరికే వచ్చారు. ‘ఇంతకీ నువ్వు గెలిచావా, ఓడావా?’ అని ఒక ముసలాయన అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

వాయిదాల సంగతి పక్కన పెట్టండి. నేను అడిగేది చిన్న మార్పు. బీ ఫారం గడువును నామినేషన్ల చివరి రోజుకి జరపండి. అసెంబ్లీకి, పార్లమెంటుకి అలాగే ఉంది కదా. పెద్ద ఎన్నికల్లో కుదిరింది మా మండలంలో ఎందుకు కుదరదు? పార్టీలు ఒప్పుకోవు, నాకు తెలుసు. రెబల్స్‌ని బుజ్జగించడానికి ఆ మూడు రోజులు కావాలంటారు. బుజ్జగింపులు నామినేషన్ వేయకముందే చేసుకోమనండి. ఆ మూడు రోజుల్లో బేరాలు జరిగేది మొగాళ్ల మధ్య, పేర్లు మాత్రం మావి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవే కాబట్టి, ఇలా గేటు వైపు చూస్తూ కూర్చునేవాళ్లలో సగం మంది మేమే.

ఇంకొకటి. ఆ కాగితం తీసుకునేటప్పుడు అభ్యర్థి ఎదురుగా ఉండాలని, పేరు దగ్గర కొట్టివేతలుంటే పార్టీ కొత్త కాగితం తేవాలని రిటర్నింగ్ అధికారులకు ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆఖరి పది నిమిషాల్లో ఇది కుదరదు, అందుకే గడువు ముందుకు రావాలంటున్నాను.

మా అటక మీద ఇంకా రెండు కట్టల కరపత్రాలున్నాయి, ‘మార్చి 21న ఓటు వేయండి’ అని. ముందే కొట్టించినవి, గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంటుంది. మా అమ్మాయి వెనకవైపు లెక్కలు చేసుకుంటోంది. ఈసారి మా సీటు జనరల్ అయినా నామినేషన్ వేస్తానండి.

ఇట్లు,
మీ ఓటరు, ఓడిన అభ్యర్థి
కోనసీమ