బడిలో గ్లూకోజు పొడి ఉంచాలి
టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలకు తరగతిలో రక్తంలో చక్కెర పడిపోతే ఏం చేయాలో మన పాఠశాలల్లో చాలామందికి తెలియకపోవడం ఆందోళనకరం. క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికల్లో (చిన్న కణ సమూహాల్లో) ఉండే బీటా కణాలు ఇన్సులిన్‌ను విడుదల చేసి గ్లూకోజును అదుపులో ఉంచుతాయి. గ్లూకోజు తగ్గినప్పుడు అక్కడి ఆల్ఫా కణాలు గ్లూకగాన్ అనే హార్మోన్‌ను విడుదల చేసి, కాలేయంలోని నిల్వలను రక్తంలోకి రప్పిస్తాయి. ఈ పిల్లల్లో సొంత రోగనిరోధక వ్యవస్థే బీటా కణాలను నాశనం చేస్తుంది (తీపి ఎక్కువగా తినడం వల్ల వచ్చే జబ్బు కాదిది) కనుక, ఇన్సులిన్‌ను సూది ద్వారా ఇవ్వక తప్పదు. ఒకసారి సూది వేశాక భోజనం ఆలస్యమైతే ఆ మోతాదును తగ్గించుకొనే వీలు శరీరానికి లేదు, పైగా ఏళ్లు గడిచేకొద్దీ ఆల్ఫా కణాల స్పందన కూడా మందగిస్తుంది. మా అమ్మాయి ఒక మధ్యాహ్నం చేతులు వణికి, పెన్సిలు జారిపోయి, చెమటతో తడిసి బల్లపై తల వాల్చితే, నిద్రపోతోందనుకొని ఉపాధ్యాయురాలు మందలించారు. సంగతి తెలిసిన పక్క పిల్ల తన సంచిలోని గ్లూకోజు పొడి తినిపించింది. ప్రతి పాఠశాలలో గ్లూకోమీటరు, గ్లూకోజు పొడి ఉంచి, రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలని, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక వెంటనే 108కు ఫోన్ చేయాలని విద్యాశాఖ ఉపాధ్యాయులందరికీ ఈ విద్యా సంవత్సరంలోనే శిక్షణ ఇప్పించాలి.
— ఒక విద్యార్థిని తల్లి, ఖమ్మం